ఆదివారం కొనాల్సిన కంప్యూటర్

“ఆదివారం దాక ఆగు. నేను చూసినంకనే కొందాం.”

“నీకేం ఎరుకయ్యా కంప్యూటర్ సంగతి? లైట్లు మోసెటోనివి. పో, బండి పోతది.”

గవ్వే మా మొగుడు పెండ్లాల ఆఖరి మాటలు. నాది బొంగురు గొంతు, గల్లీ మొత్తం ఇన్నది. ఆయన కోపం గూడ చెయ్యలే. టిఫిన్ డబ్బా అందుకున్నడు, చెప్పులేసుకున్నడు, మెట్లు దిగి పోయిండు. ఫిల్మ్ నగర్ల షూటింగు. పొద్దుగూకక ముందే ఫోనొచ్చింది. లైటు స్టాండు పక్కన కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండంట. గుండె ఆగిందన్నరు.

ఏందే, చేతులాపినవ్? కొట్టు. అడిగేది తర్వాత అడుగు.

పోయినోళ్ళ గురించి సినిమా లైట్లోళ్ళ సంఘపోళ్ళు పుస్తకమేస్తున్నరు, ఇంటోళ్ళను రెండు మాటలు చెప్పమన్నరు. నాకు సంతకం తప్ప రాయరాదు. నేను చెప్తుంటె నా బిడ్డ టైపు కొడుతుంది, గా కంప్యూటర్ మీదనే.

బిడ్డకు యూనివర్సిటీల ఆర్కిటెక్చర్ సీటొచ్చింది. ఇండ్ల బొమ్మలు గీసే చదువు. క్లాసులు సురువయ్యేలోపు కంప్యూటర్ కావాలె. ఆయన షూటింగ్ కాంగనే గ్రాఫిక్స్ చేసేటోళ్ళ గదికి పోయి, ఏది మంచిదో గుచ్చి గుచ్చి అడుగుతుండె. ఇంటికొచ్చి, “ఇయ్యాల ఒకదాని కింద చెయ్యి పెట్టి చూసిన. అంతగనం కాలుతలేదు” అనెటోడు. ఇరవై ఏండ్లు లైటు వెనక అరచెయ్యి పెట్టి వేడి చూసినోడాయె. “పొయ్యి కొంటున్నవా, కంప్యూటర్ కొంటున్నవా?” అని నేను నవ్వేదాన్ని. “నవ్వు, నవ్వు. ఒళ్ళె పెట్టుకొని గీసేది నా బిడ్డ” అనెటోడు.

నేను జూబ్లీహిల్స్ల ఒక బంగ్లాల వంట చేస్త. మేడమ్ టేబుల్ మీద వెండి రంగుది ఒకటుంటది, పలుచగ, పళ్ళెం లెక్క. రోజూ బట్టతోని తుడుస్త. నాకు తెలిసిన కంప్యూటర్ అదొక్కటే. మేడమ్ దాంట్ల చీరలు చూస్తది. మంచిది కాకుంటె గంత పెద్దింట్ల ఎందుకుంటది అనుకున్న.

ఇగ ఆయన ఆదివారమంటె నాకు మంట. సినిమావోళ్ళకు ఆదివారమేడిది? కుక్కర్ రబ్బరు తెస్తనన్న ఆదివారం రాలే, బిడ్డను జూపార్కు తీస్కపోతనన్న ఆదివారం రాలే. ఇదీ గంతే అనుకున్న. ఆయన అటు పోంగనే, గప్పటికే కాలేజీల సర్టిఫికెట్లు ఇయ్యవోయిన బిడ్డకు ఫోన్ చేసి మధురానగర్ల షాపుకు రమ్మన్న.

“నాయిన రాలేదా?” అన్నది.

“షూటింగుంది. గిదే కొనమన్నడు.” పళ్ళెం లెక్కున్నదాన్ని చూపించిన.

షాపాయన మంచోడు. “ఆర్కిటెక్చర్‌కి ఇది సరిపోదమ్మా. బరువున్నా సరే, గ్రాఫిక్స్ ఉన్నది తీసుకోండి” అన్నడు. బిడ్డ నా మొకం చూసింది. “వాళ్ళ నాయిన అన్నీ చూసిండు, గిదే ఇయ్యి” అన్న. మాపటికి ఆయనొస్తడు, జరసేపు కొట్లాడతం, ఒడుస్తది అనుకున్న.

మాపటికి ఆయన రాలే.

పదోనాడు గా గ్రాఫిక్స్ గదిల పనిచేసే ఒకాయనొచ్చిండు. బిడ్డ లోపల ఇస్తరాకులు ఏస్తుంది. నాతోని మెల్లగ, “ఆదివారం అమ్మాయిని తీసుకొస్తానన్నాడండీ. తను గీసిన బొమ్మలు నా సిస్టమ్‌లో వేసి చూసి, అప్పుడు కొందామన్నాడు. ఆ రోజుకి సెలవు కూడా చెప్పుకున్నాడు” అన్నడు.

సెలవు చెప్పుకున్నడంట. నా ఎరుకల మొదటిసారి ఆదివారం సెలవు చెప్పుకున్నడు.

గప్పటి నుంచి చూస్తున్న బిడ్డా. ఇల్లు సగం గీసెటాల్లకు గా కంప్యూటర్ ఆగిపోతది. నువ్వు దోస్తు ఇంటికి పోయి, ఆమె పని అయ్యేదాక కూసొని, గప్పుడు గీసుకుంటవ్. పోయినసారి బొమ్మలు టైముకియ్యలేక ఒక సబ్జెక్టు తప్పినవ్. మార్చుకోమని మీ మామ అంటె, “నాయిన ఆఖరికి కొనమన్నది మామా, ఎట్లిస్త?” అన్నవ్. దాని మూత మీద ఆయన ఫోటో అంటించుకున్నవ్. నేను గాడనే కూసొని కూరగాయలు కోస్తున్న. గిది చెప్పాలంటె, ఆయన్ని ఆఖరికి ఏమని పంపిన్నో అది గూడ చెప్పాలె. గందుకే ఏడాది నోరు మూసుకున్న.

మీ నాయిన కొనమన్నది గిది కాదు. గిది నేను కొన్నది. ఫోటో పదిలంగ తీసి నాకియ్యి, దీన్ని షాపుల ఇచ్చి మార్చుకో. గ్రాఫిక్స్ ఆయన ఇప్పటికీ గాడనే పనిచేస్తుండు, నిన్ననే పోయి అడిగిన. ఆదివారం రమ్మన్నడు. నీ బొమ్మలు పట్టుకొని రా, నేను గూడ వస్త. కింద చెయ్యి పెట్టి నేను చూస్త.

కండ్లు తుడుసుకో. తిడితె తిట్టు, పడత. సంఘపోళ్ళేమనుకున్నా సరే, ఒక్క మాట గూడ తియ్యకు. ఇగ మొదట్ల నుంచి చదువు బిడ్డా. ముందు ఆయనన్నది, తర్వాత నేనన్నది. గట్టిగ చదువు, నేను వింట.