దొరగారి చెల్లెలు అడిగిన ఇల్లు

విడాకులయ్యాక ఐర్లండ్‌లోని డ్రోహెడాలో మా అన్న ఇంట్లో నాలుగేళ్లున్నాను. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నాకు ఒళ్లు మండేది అందుకే. కసురుకుంటే గొడవపడి వెళ్లిపోవచ్చు, బాగా చూసుకుంటుంటే ఏం చెప్పి వెళ్తాం? వేరే గది తీసుకుంటానని అన్నకు రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ అన్నం తింటూ టీవీ సౌండ్ పెంచాడు.

ఊరి బయట వందేళ్ల కిందటి ఒక బ్రిటిష్ దొరగారి భవంతి ఉంది. వారసులు వదిలేశాక ఇప్పుడు టికెట్ పెట్టి చూపిస్తున్నారు. అక్కడ గైడ్ ఉద్యోగం దొరికితే నా రెంట్ నేను కట్టుకోగలను. ఒక ఆదివారం ట్రయల్‌గా టూర్ చెప్పమన్నారు.

వాళ్లిచ్చిన కాగితాల్లో దొరగారికి మూడు పేజీలు, భార్యకు ఒకటి, యుద్ధంలో పోయిన పెద్దకొడుక్కి ఒకటి. గుర్రానికి కూడా ఒక పేరా ఉంది. పెళ్లికాని చెల్లెలికి మాత్రం ఒక్క లైను, ఆమె కూడా ఇదే ఇంట్లో ఉండేదని. చిర్రెత్తుకొచ్చింది. ఇంటి ఆడపడుచును అంత తేలిగ్గా తీసేస్తారా? మేనేజరును అడిగి, ఉత్తరాల నకళ్లున్న ఫైలు తెచ్చుకుని వారం రోజులు చదివాను. పిల్లలకు తట్టు పోస్తే డాక్టరును పిలిపించింది ఆమె. చిమ్నీలు దులిపించింది ఆమె. కొడుకు పోయిన కబురొచ్చాక నెల రోజులు వదినగారి పక్కనే పడుకున్నదీ ఆమే.

ఆ ఆదివారం అన్నా వదినా కూడా వచ్చారు. గుర్రాన్ని పూర్తిగా వదిలేసి చెల్లెలి గురించే ఎక్కువ చెప్పాను. రెయిన్‌కోటు వేసుకున్న ఒక పెద్దావిడ, ఆమెకు ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపించలేదా అని అడిగింది.

అనిపించిందని చెప్పాను. గేటు దగ్గర ఖాళీగా ఉన్న చిన్న ఇల్లు తనకిమ్మని అన్నకు ఉత్తరం రాసింది. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరం రాసింది. జవాబు ఫైల్లో లేదు. ఆమె ఆ పైగదిలోనే పోయింది. ఇదంతా చెబుతున్నంతసేపూ మా అన్న వైపే చూశాను. కావాలనే చూశాను.

మేనేజరు, బాగుందనడానికి ఇక్కడివాళ్లు అనే మాటే, గ్రాండ్ అని, వచ్చే శనివారం నుంచి రమ్మన్నాడు.

ముగ్గురం కారెక్కాం.

“మా ఇంట్ల నీకేం తక్కువైంది చెల్లె?” అన్నాడు అన్న, బండి తీస్తూ.

“ఏం తక్కువ కాలేదన్నా. ఆమెకు గూడ ఏం తక్కువ కాలేదు.”

వదిన వెనక్కి తిరగకుండానే, “పోనియ్యిండ్రి ఇగ” అంది.

“సరే. రూమ్ సూడనీకి నేను గూడ వస్త. ఎప్పుడు పోదాం?” అన్నాడు అన్న.

“నిన్ననే లీజు మీద సంతకం పెట్టొచ్చిన.”

“ఈ జాబ్ రాకుంటే ఏం జేద్దువు?”

“ఇంకోటి ఎతుక్కుందును.”

ఇంటి ముందు కారు ఆపి, ఇంజిన్ మాత్రం ఆపకుండా కూర్చున్నాడు.

“సామాన్ ఎప్పుడు తీస్కపోదాం మరి?”

నాకు ఏడుపొచ్చింది. శుక్రవారం లోపే తీసుకెళ్దామన్నాను.