అంబదాస్ సారు ప్రేమవిందు

అంబదాస్ సారు ఏ పాఠాన్నీ తాను చేసి చూడనిదే చెప్పరు. లెక్కల సారైతే ఈ జబ్బు ఎవరికీ తెలిసేది కాదు. లక్సెట్టిపేట మిషన్ బడిలో తొమ్మిదో తరగతికి ఆయన చెప్పేది క్రైస్తవుల విశ్వాసాలు, ఆచారాలు. ఇంట్లో మాత్రం వినాయకుడి పటానికి దండం పెట్టుకుంటారు.

బాప్తిస్మం పాఠానికి ముందురోజు సారు గోదావరిలో బట్టలతోనే మునిగారు. ఒడ్డున పాస్టరు అయ్యగారు తల పట్టుకున్నారు.

"సారూ, గది బాప్తిస్మం కాదు, తానం."

"తెల్సు అయ్యగారూ. మునిగినోనికి ఎట్లుంటదో తెల్వకుంట పిల్లలకేం జెప్పాలె?"

ఏసుకు జనం మట్టలూపి ఎదురెళ్ళిన మట్టల ఆదివారం పాఠానికి స్కూటరు మీద ఈతమట్టలు ఎత్తుకొచ్చారు. కల్లుకు ఆ చెట్లు గీసే మల్లేష్ గౌడ్ వెనకాలే తిట్టుకుంటూ వచ్చాడు. సారు మట్ట ఊపుతూ భక్తిగా నడవడం చూసి, తిట్లు మరిచి తానూ ఒకటి అందుకుని ఊరేగింపులో కలిశాడు. ముందు బెంచీ జమున నోరు తెరుచుకుని చూసింది. పెద్దయ్యాక కూడా ఇంత సిగ్గుపడకుండా నేర్చుకునే మనిషి ఉంటాడని ఆమెకు అప్పుడే తెలిసింది.

జమునకు సిగ్గు ఎక్కువ. మస్కట్‌లో బాపు పనిచేసే కంపెనీ మూతపడింది. తల్లి బాలవ్వ బీడీలు చుట్టి తెచ్చేది రాత్రి కూటికే సరి. మధ్యాహ్నానికి డబ్బా లేదు. ఆ సంగతి బయటపడితే బడి మానేయాలని జమున నిశ్చయించుకుంది. అందుకే సోమవారం శివుడికి, మంగళవారం అంజన్నకు, గురువారం సాయిబాబాకు అంటూ ఒక్కపొద్దులు పట్టింది.

"మరి బుధవారం ఏ దేవునికే?" అంది పక్కన కూర్చునే అంబ్రీన్. జమున పుస్తకం తెరిచి తల దూర్చింది.

అటుగా పోతున్న సారు ఆ మాట విన్నారు. మరునాడు ప్రేమవిందు పాఠం తీశారు.

"మొదటి క్రైస్తవులు ఎవలి కూడు వాల్లు తినలే. అంత ఒక్కకాడ వెట్టి పంచుకున్నరు. మనం గూడ చేసి చూద్దాం. డబ్బాలు గీ గుడ్డ మీద వెట్టుండ్రి."

"నేను ఒక్కపొద్దున్న సార్," అంది జమున.

"విందుల ఒక్కపొద్దు చెల్లదు బిడ్డా. మార్కులు పోతయి."

పచ్చిపులుసు, బగారన్నం, పప్పు, గుడ్డు అన్నీ కలిశాయి. ఎవరి డబ్బా ఏదో, ఎవరు తేలేదో ఎవరికీ పట్టలేదు. జమున కడుపునిండా తింది.

సారు పెదవి విరిచారు. "జర తప్పైంది. చింటూ గుడ్డు దాసుకున్నడు. రేపు మల్ల చేద్దాం."

మరునాడు వడ్డన బాగాలేదన్నారు. ఆ మరునాడు మాటలెక్కువయ్యాయన్నారు. క్రిస్మస్ వెళ్ళిపోయింది, ఈస్టరు ముందటి ఉపవాసాల శ్రమదినాలు దగ్గరపడ్డాయి, పాఠం కదల్లేదు. హెడ్మాస్టరు పిలిచి గట్టిగానే అడిగారు.

"ఇంకా ప్రేమవిందేనా సారూ?"

"ఏం జేయాలె సార్. మొద్దు క్లాసు. ఒక్కనాడు సక్కగ చేస్తలేరు."

బడంతా నవ్వింది. గోదావరిలో మునిగొచ్చిన సారుకు అన్నం తినిపించడం చేతకాలేదని చెప్పుకున్నారు.

ఇంతలో బాపుకు వేరే కంపెనీలో పని దొరికింది. బాలవ్వ సర్వపిండి చేసి డబ్బా కట్టింది. జమున దాన్ని గుడ్డ మీద అందరి డబ్బాల మధ్య పెట్టింది. సారు ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలారు.

"ఇయ్యాల సక్కగొచ్చింది. క్లాసంత పాస్."

ఇన్నాళ్ళూ ఆయన దేనికోసం ఆగారో జమునకు అర్థమైంది. ఈయన ముందు ఏ దేవుడి పేరూ చెప్పుకోనక్కరలేదనిపించింది.

సారు చేతులు కడుక్కుంటూ అన్నారు: "రేపటి పాఠం ఉపవాసం. గదొక్కటి నేనే చేస్త. మీరు మంచిగ తినుకుంట చూడుండ్రి."