పొలిమేర రాయిని కదిపిన సుబ్బరత్నం

నడికుడి అవతల క్వారీ రోడ్డు మీద నాది టీకొట్టు. ఆ క్వారీలో నాపరాళ్లు తీసే సుబ్బరత్నం మనిషి కాదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోరు. ఒళ్లు వంచి పనిచేస్తే చాలు మావాళ్లకి.

ఆమె అక్కదేవతల్లో ఆఖరిది. పైన ఏదో యుద్ధంలో, లొంగిపోయినవాళ్లను కూడా నరకమన్నారట. నరకనని అక్కలకు ఎదురుతిరిగి, కత్తితో సహా దిగొచ్చేసింది. ఆ కత్తిని కొలిమిలో ఇచ్చి గునపం చేయించుకుంది. ఒకరి మాట వినే రకం కాదు. నాకామె అంటే ఇష్టం, కోపం కూడా.

మా పొలిమేర రాయిలో కోటిలింగం ఉండేవాడు. చావులేని కాపలాదారు. చెడుగాలి ఊళ్లోకి రాకుండా చూడటం ఆయన పని. రాయి దాటి నాలుగడుగులు వేయలేడు. సుబ్బరత్నం పని దిగాక రెండు టీలు పార్సిల్ కట్టించుకుని ఆయన దగ్గరికి పోయేది. అంత పెద్దాయన ఆమె ముందు కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడేవాడు. చూస్తే ముచ్చటేసేది.

క్వారీ గుంత పెరుగుతూ రాయి వైపు రావడంతో ఆమెకు భయం పట్టుకుంది. ఒకరోజు టీ ఇవ్వడానికి నేనే వెళ్లాను. ఇద్దరూ వాదులాడుకుంటున్నారు.

"రాయి పగిల్తే నువ్వేమైపోతావు? మా ఇంటికి తీసకపోతా," అంది.

"పగిల్తే ముక్కల్లోనన్నా ఉంటా. చోటు మారిస్తే ఉండను రత్నం. పొలిమేర కానిచోట నాకేం పని?"

"మా అక్కలూ ఇట్టాగే చెప్పేవోళ్లు. ఆళ్ల మాట వినుంటే నువ్వు దొరికేవోడివా?"

ఆ ఆదివారం గునపంతో రాయిని పెకలించి, ట్రాక్టర్ మీద ఇంటికి చేర్చింది. గుమ్మం పక్కన నిలబెట్టి పిలిచింది. పొద్దుగూకేదాకా పిలుస్తూనే ఉంది. మర్నాడు వెనక్కి తెచ్చి పాత గోతిలోనే పాతింది. అయినా ఆయన పలకలేదు.

నెల తిరక్కుండా క్వారీ మూతపడింది. గుంత ఆ రాయి దాకా రానేలేదు. చేజేతులా పోగొట్టుకుంది.

ఇప్పుడామెకు జుట్టు నెరిసింది. రాయి పక్కనే రేకుల షెడ్డు వేసుకుని ఉంటోంది. మొన్న అక్కలొచ్చి, జరిగిందేదో జరిగింది, ఇంటికి రమ్మన్నారట. వెళ్లలేదు.

"పోరాదా పిన్నీ. ఇంకా ఏముందని ఇక్కడ?" అన్నాను.

"ఊరికి కాపలా లేకుండా చేసింది నేనే గదే అమ్మాయ్. ఆయన పని ఎవురో ఒకరు చెయ్యాలిగా."

ఎవరి మాటా విననామె ఇప్పుడు ఆ రాయి విడిచి నా కొట్టు దాకా కూడా రాదు. టీ నేనే తీసుకెళ్లి ఇస్తున్నాను. ఒక్కటే.