కంప్యూటర్ పాటకు అవ్వ సాక్ష్యం

లక్షెట్టిపేటలో ఏలియాను అడిగితే, తాను కట్టిన సంగీతం గురించి రెండు మాటలు చెప్పి, వాళ్ళ అవ్వ గురించి, అంటే కన్నతల్లి మగ్దలేనమ్మ గురించి, రెండు గంటలు చెబుతాడు. తప్పేం లేదు. ఆమె లేకపోతే ఆ సంగీతమూ లేదు, ఈ కథా లేదు.

మగ్దలేనమ్మ భర్త పోయిన నాటి నుంచీ బీడీలు చేసి కొడుకును సాకింది. అతను పెళ్ళిపత్రికలు అచ్చుకు సిద్ధం చేసే పనికని 1998లో ఇంట్లో ఒక పాత కంప్యూటర్ పెట్టుకున్నాడు. దానికి పియానో మెట్ల కీబోర్డొకటి తగిలించాక పత్రికల పని వెనకబడింది. ఒక్క మనిషి కూర్చుని డోలు, వేణువు, వయొలిన్ అన్నీ వాయించవచ్చని తెలిసినవాడు పెళ్ళిపత్రికల మీద మనసు పెడతాడా?

అప్పుడే కరీంనగర్ నుంచి జగన్మోహన్‌రావు వచ్చాడు. ఆయన బీడీలు చేసే ఆడవాళ్ళ మీద సొంతంగా అరగంట సినిమా తీసి, దానికి సంగీతం కట్టమని ఏలియాను అడిగాడు.

చిక్కంతా సినిమా అన్న మాట దగ్గరే ఉంది. మగ్దలేనమ్మ పుట్టి బుద్ధెరిగి సినిమా హాలు గడప తొక్కలేదు. ఏలియా చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. అంతకుముందు ఆ పీట మీద కూర్చున్న మోషే, పెళ్ళి బ్యాండులో సినిమా పాటలు వాయించాడని సంఘపెద్దలు అతణ్ణి లేపేశారు. ఆదివారం ఆ పీట మీద కూర్చోవడం కోసమే ఏలియా వారమంతా బతికేవాడు.

అందుకే అవ్వ, "ఏం కడుతున్నవ్ బిడ్డా?" అని అడిగితే, "దేవుని పాటలే అవ్వా" అనేశాడు.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ, ఎవరికి జరిగిన మేలు వాళ్ళు లేచి చెప్పుకునేటప్పుడు, మగ్దలేనమ్మ నిలబడింది. "నా కొడుకు కంప్యూటర్ల దేవుని పాటలు కడుతుండు. ప్రార్థన చెయ్యుండ్రి" అంది. ఏలియా నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఆరు వారాలు వరుసగా అదే సాక్ష్యం. క్యాసెట్ ఎప్పుడని పాస్టరయ్యగారే అడగసాగారు.

అబద్ధం అలా పెరుగుతూనే ఉంది, సంగీతమూ సాగుతూనే ఉంది. అరుగు మీద అవ్వ ఆకు మడిచి, చుట్టి, దారం కట్టే వేగాన్ని కిటికీలోంచి చూసి లయ పెట్టుకున్నాడు. చేయి ఆగినచోట డోలు ఆపాడు.

ఒక శనివారం ఏలియా మంచిర్యాలకు పోయి వచ్చేసరికి ఇంట్లో టీవీ నడుస్తోంది. జగన్మోహన్‌రావు సంగీతం కలిపిన టేపు తెచ్చాడు. పాపం, ఆయనకు సంగతులేం తెలియవు. "మీరు బీడీలు చేస్తరు గదమ్మా, జర సూసి చెప్పండి" అని ఆమెను కూర్చోబెట్టాడు. ఆమె ఒళ్ళో బీడీల చేట అలాగే ఉంది. ఏలియా గడప మీదే నిలబడిపోయాడు.

జగన్మోహన్‌రావు వెళ్ళాక ఆమె ఒళ్ళోని చేట కింద పెట్టింది.

"గా డోలు నా చెయ్యే గదా?" అంది.

"ఔ అవ్వా."

"నాతోని దేవుని పాటలన్నవ్."

ఏలియా వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"సంఘం ముంగట తప్పు చెప్పినం. సంఘం ముంగటనే సరిజెయ్యాలె. రేపు ఆదివారమే" అంది.

మర్నాడు సాక్ష్యాల వేళ ఏలియా హార్మోనియం మూసి లేచాడు. అంతలో ఆడవాళ్ళ వైపు నుంచి మగ్దలేనమ్మ లేచింది.

"సంఘానికి వందనాలు. ఆరు వారాలు నేను చెప్పింది నిజం గాదు. నా కొడుకు కట్టింది సినిమాకు. నిన్న సూసిన. దాంట్ల ఉన్నది మనమే, బీడీలు చేసేటోళ్ళం. ముప్ఫై ఏండ్లు చేసిన. నా చేతుల దిక్కు ఎవ్వలన్న సూసిండ్రా? నా కొడుకు సూసిండు. సూసి పాట కట్టిండు. గందుకు దేవునికి స్తోత్రం. వాన్ని పీట మీదికెళ్ళి లేపుతరా, లేపుండ్రి. స్తోత్రం మాత్రం నేను ఎనుకకు తీసుకోను."

అని కూర్చుంది. ఆడవాళ్ళలో సగంమంది బీడీలు చేసేవాళ్ళే. ముందు ఎవరో ఒకామె "ఆమెన్" అంది. తరువాత అందరూ అన్నారు. సంఘపెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అడ్డు చెప్పడానికి ఒక్కరూ లేవలేదు.

ఏలియా ఇంకా నిలబడే ఉన్నాడు. ఇంతటి అవ్వను ఇచ్చినందుకు ఎవరికి దండం పెట్టాలో, ఎలా పెట్టాలో తెలియక ఏడుస్తున్నాడు.

పాస్టరయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని పాటల పుస్తకం తెరిచారు.

"కూసో ఏలియా" అన్నారు. "పాట అందుకో."