ఐదో అక్షరం

పోయిన నెల మోకాలి నొప్పికి తెనాలిలో ఎక్స్‌రే తీయించుకున్నాను. అయిపోయింది, ఇక వెళ్ళొచ్చని అక్కడి అమ్మాయి అనగానే అలవాటు కొద్దీ ఫిల్ము కోసం చెయ్యి చాపాను. ఆ పిల్ల నవ్వేసి, "ఫిల్ము ఏంటండి ఆంటీ, మీ ఫోనుకి వచ్చేస్తుంది" అంది. నిజమే, నేను చెప్పులు వేసుకునేలోగా నా మోకాలి చిప్ప ఫోనులో ప్రత్యక్షమైంది. నేను మాత్రం దాన్ని చూడకుండా ఆ గది గోడలకేసి చూస్తూ ఉండిపోయాను. ముప్పై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో, ఇంతకన్నా ఇరుకైన ఒక ఎక్స్‌రే గదిలో, నా ఉద్యోగ జీవితంలోకెల్లా పెద్ద సంతోషం నాకు దొరికింది మరి.

అప్పట్లో నేను రేపల్లెలో కాలేజీ పిల్లలకు బోటనీ చెప్పేదాన్ని. సెలవు దొరికిందంటే చాలు, తెనాలిలో బండి మారి బాపట్ల వెళ్ళిపోయి, అక్కడ మా గైడు గారి చిన్న ల్యాబులో పీహెచ్‌డీ పని చేసుకునేదాన్ని. పనల్లా తడిగుడ్డలో వరి గింజలు మొలకెత్తించడం, ఆ మొలకలను నూరి వాటిలోంచి ఆర్‌ఎన్‌ఏ తీయడం, దాన్ని జెల్లులో కరెంటుతో పరిగెత్తించి చూడడం. పెద్ద ఆర్‌ఎన్‌ఏలు పైన ఆగిపోయేవి. అట్టడుగున మాత్రం సన్నసన్నని గీతలు కొన్ని ప్రతిసారీ అదే చోట కనపడేవి. అవి తెగిపోయిన ముక్కలని, నా చెయ్యి ఇంకా శుభ్రపడలేదని మా సార్ అనేవారు. తెగిన ముక్కలైతే చెదురుమదురుగా ఉండాలి కదా, రోజూ వచ్చి అదే బల్ల మీద కూర్చునే పిల్లల్లాగా అక్కడే ఎందుకుంటాయని నాకు లోపల్లోపల ఒకటే పోరు. ఆ పోరు పడలేక, ఏడాదిపాటు కష్టపడి, వాటిలో ఒకదాని అక్షరాల వరుస, అంటే అందులోని నాలుగు రకాల రసాయన పూసల వరుస, చదివాను. మొత్తం వందకు దగ్గరగా అక్షరాలు. ఏ ప్రొటీనుకూ పనికొచ్చేది కాదు. సార్ దాన్ని చూసి, పాపం, కోప్పడలేదు గానీ, సెలవులు పూర్తయ్యేలోగా దీనికో అర్థం తేలకపోతే వేరే అంశం తీసుకోవలసిందే అన్నారు. నాలుగేళ్ళ పని!

ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి నా స్నేహితురాలొకామె ఒక కొత్త వ్యాసానికి జిరాక్సు తీసి పోస్టులో పంపింది. రేపల్లె ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చుని దాన్ని చదవడం మొదలుపెట్టాను. వేమూరు దాటేసరికి మళ్ళీ మొదటినుంచి చదువుతున్నాను. మన కణాల్లో ప్రొటీన్లు తయారుచేసే యంత్రం ఒకటుంది కదా, దాని లోపలి ఆర్‌ఎన్‌ఏ పొడుగాటి దారం. ఆ దారంలో వేల అక్షరాలుంటే, ఎంపిక చేసిన కొన్నింటి మీద మాత్రమే ఒక చిన్న రసాయన గుర్తు పడుతుంది. గుర్తు వేసే ఎంజైముకు ఫలానా అక్షరమేనని చెప్పేదెవరు? ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏలేనట! వాటిలో ఒక ముక్క ఆ పెద్ద దారానికి సరిగ్గా జత కుదిరేలా ఉంటుంది. వెళ్ళి దానికి అతుక్కుంటుంది. ఆ ముక్క పక్కనే ఎప్పుడూ ఉండే నాలుగక్షరాల ఆనవాలు నుంచి వెనక్కి ఐదు లెక్కపెడితే, ఐదోదానికి ఎదుట ఏ అక్షరం ఉందో గుర్తు దాని మీదే పడుతుంది. చొక్కాకు బొత్తాం ఎక్కడ కుట్టాలో టేపు పెట్టి కొలిచి చూపించినంత కచ్చితం.

సంచిలోంచి నా నోటుబుక్కు లాగి, నేను చదివిన వరుస తీసి చూశాను. ఆ నాలుగక్షరాల ఆనవాలు నా దాంట్లోనూ ఉంది! దాని పక్క ముక్క వరిలోని ఆ పొడుగాటి దారంలో ఒకచోట అక్షరం అక్షరం జత కుదిరింది. రైలు కుదుపులకు పెన్సిలు గెంతుతుంటే ఐదు లెక్కపెట్టి, ఎదుటి అక్షరం చుట్టూ సున్నా చుట్టాను. తెనాలి వచ్చినా దిగడం మరిచిపోయానంటే నమ్మండి, బోగీ ఊడ్చే ఆమె వచ్చి లేపినట్టుగా పిలిచింది. వీటి పేరు స్నో ఆర్‌ఎన్‌ఏలని ఇంటికి వెళ్ళి అమ్మకు చెబితే, ముఖానికి రాసుకునే స్నోనా అని అడిగింది. మన వయసువాళ్ళకు స్నో అంటే అదేగా మరి!

సార్ ఆ కాగితం రెండుసార్లు చదివి, సరే, చూద్దాం అన్నారు. కానీ జెల్లులోని గీతలు ఫిల్ము మీద పడేలా చేసే రేడియోధార్మిక పదార్థం ఒక్కసారికి సరిపడానే ఉంది, అదీ పద్నాలుగు రోజులకల్లా సగమైపోయే రకం. మళ్ళీ తెప్పించాలంటే నెలలు. ఒక్క ఫిల్ము మిగిలింది. గుర్తు నిజంగా ఆ అక్షరం మీదే ఉందో లేదో తేల్చే ప్రయోగం చేసి, జెల్లు మీద ఫిల్ము బిగించి, నాలుగు రోజులు ఫ్రీజరులో పెట్టాం. ఆ నాలుగో రోజు కురిసిన వానకు మా డార్క్‌రూము పైకప్పు కారి, ఫిల్ము కడిగే మందుపొడి అంతా ముద్దయి కూర్చుంది. కొత్తది రావాలంటే పది రోజులు. నేను మూడో రోజుకల్లా రేపల్లెలో పాఠం చెప్పాలి.

మా మేనమామ తెనాలిలో ఒక నర్సింగ్ హోములో ఎక్స్‌రేలు తీసేవాడు. ఎముకల ఫిల్ము కడిగే చేతులకు నా ఫిల్ము ఒక లెక్కా అనిపించింది. సార్ వద్దన్నారు. దారిలో పిసరంత వెలుతురు తగిలినా అంతా మట్టిపాలేనన్నారు. నేను వినలేదు. చీకట్లో ఫిల్మును నల్ల కాగితంలో మూడు పొరలు చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, పట్టపగలు బాపట్లలో రైలెక్కాను.

నిడుబ్రోలులో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ కాసేపు చూసి, ఉండబట్టలేక అడిగింది.

"ఏంటమ్మా, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నావు? ఏముంది అందులో?"

"ఫోటో అండి. కడగలేదింకా. వెలుతురు తగిలితే పోతుంది."

చుండూరు దగ్గర బండి ఒక్క కుదుపు కుదిపింది. పై బల్ల మీది సంచి జారి డబ్బా మీద పడి, మూత ఎగిరి అవతల పడింది. ఆవిడ వెంటనే భుజం మీది తువ్వాలు లాగి డబ్బా మీద కప్పేసి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది. "ఏం కాలేదులే, నల్లకాయితం ఎక్కడా చిరగలేదు. నువ్వు మూత చూడు" అంది. తెనాలి దాకా ఆవిడ ఆ చేతులు తీయనేలేదు. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు, ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మామయ్య తలుపు బిగించి ఎర్ర దీపం వేశాడు. ఫిల్మును మందులో ముంచి పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ముందు నిచ్చెన మెట్లలాగా, మెట్టుకో అక్షరం చొప్పున, గీతలు తేలాయి. ఆ పక్కన, ఖాళీగా ఉన్న చోట, కాటుక పెట్టినట్టు ఒకే ఒక్క నల్ల గీత.

"ఇంతకీ ఇందులో ఎముకేదే అమ్మాయ్?" అన్నాడు మామయ్య.

నేను మెట్లు లెక్కపెడుతున్నాను. పెట్టి, నీరుకారిపోయాను. గీత నేను సున్నా చుట్టిన అక్షరం దగ్గర లేదు. ఒక మెట్టు ఇవతల ఉంది. ఒక్క మెట్టే అయితేనేం, ఐదు అంటే ఐదేగా. అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. మామయ్య కంగారుపడి మంచినీళ్ళిచ్చి, "తప్పు నా కడగడంలో ఉందంటావా?" అని అడిగాడు. కాదు మామయ్యా అని, ప్రయోగం ఎలా జరుగుతుందో ఆయనకు అర్థమయ్యేలా చెప్పబోయాను. ఆ నల్ల గీతంటే నకలు ఆగిన చోటు. ఒక ఎంజైము దారం వెంట నకలు రాసుకుంటూ వస్తుంది, గుర్తున్న అక్షరం ఎదురయ్యేసరికి దాటలేక దాని ముందే ఆగిపోతుంది...

ముందే! ఒక్క మెట్టు ముందే ఆగాలి! లేచి మామయ్య భుజాలు పట్టుకుని ఊపేశాను. ఎందుకో తెలియకపోయినా ఆయన కూడా నాతోపాటు నవ్వడం మొదలుపెట్టాడు.

పరుగున ఎస్టీడీ బూతుకు వెళ్ళి సార్‌కు ఫోను చేశాను. గీత ఎక్కడ పడిందో చెప్పాను.

"మళ్ళీ లెక్కపెట్టమ్మా."

"మూడుసార్లు పెట్టానండి."

"నేను వస్తున్నా. అక్కడే ఉండు."

సాయంత్రం బండికి సార్ దిగారు. విరిగిన చేతులు, కాళ్ళ ఫిల్ములు తగిలించే దీపపు పెట్టె మీద మామయ్య మా ఫిల్ము పెట్టాడు. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, వేలితో తనే లెక్కపెట్టుకుని, "వీటిని తెగిన ముక్కలన్నది నేనే" అన్నారు. ఆ వయసులో, ఆ హోదాలో, ఒక పరాయి మనిషి ముందు అంత తేలిగ్గా ఆ మాట అనగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

వ్యాసం రాయడానికి రెండేళ్ళు పట్టింది, ఈలోగా ఇతర దేశాలవాళ్ళు ఇలాంటివి ఎన్నో బయటపెట్టేశారు. ఎక్కడో చిన్న పత్రికలో వచ్చింది మాది. అయినా చివర కృతజ్ఞతల్లో మామయ్య పేరు అచ్చయింది. ఆయన బతికున్నన్నాళ్ళూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆ పేజీ చూపించి, ఇందులో ఏముందో మా అమ్మాయిని అడగండి అనేవాడు.

మొన్న నా దగ్గర చదువుకున్న పిల్లొకతె, ఇప్పుడు బాపట్లలోనే పరిశోధన చేస్తోంది, ల్యాప్‌టాప్ తెచ్చి చూపించింది. వరిలో ఇలాంటి గుర్తులు ఎక్కడెక్కడ పడతాయో అన్నీ ఒకే తెర మీద, రంగు రంగుల చుక్కలై వెలుగుతున్నాయి. నా ఒక్క అక్షరమూ అందులో ఓ చుక్క. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను! ఇది వచ్చినప్పుడు పక్కన ఎవరున్నారమ్మా అని అడిగాను. "ఎవరూ లేరు మేడం. నేను అన్నం తింటుంటే కంప్యూటర్‌లో దానంతటదే అయిపోయిందండి" అంది.

అంత తొందరగా తెలిసిపోవడం మంచిదే. మేము నాలుగేళ్ళలో తెలుసుకున్నది వీళ్ళు భోజనం ముగించేలోగా తెలుసుకుంటున్నారు, ఇంకెంతో దూరం వెళ్తారు కూడా. కాకపోతే, ఆ క్షణంలో పట్టుకుని ఊపడానికి ఒక మనిషి భుజం అందుబాటులో ఉంటే ఆ పిల్ల ఎంత గట్టిగా నవ్వేదో అని మాత్రం ఒకటే అనిపిస్తోంది.