గోడలో చెరువు

ఇరవై రోజుల బిడ్డను ఒళ్ళో పెట్టుకుని విన్నాను. ఆ బిడ్డ మీద ఒట్టు, ఒక్క మాట కల్పించలేదు. నమ్మబుద్ధి కాకపోతే లేచి పోయి పడుకోండి, మధ్యలో మాత్రం నవ్వొద్దు.

యుద్ధం రోజులు. పాకాల దగ్గర మా ఊళ్ళో రెండేళ్ళుగా వాన లేదు. చెరువు ఎండి నెర్రెలు విచ్చింది. అంతకు ముందటి వేసవిలో మా ఆయన చెరువు అడుగు నుంచి బంకమట్టి పెళ్ళలు బండికెత్తి తెచ్చి, కూలిన పడమటి గోడ మళ్ళీ పెట్టాడు. ఆ ఏడూ చినుకు పడకపోయేసరికి, ఇక లాభం లేదు, తెల్లవారుజామున రైలెక్కి కోలారు బంగారు గనులకు కూలికి పోదామన్నాడు. మూట కట్టేశాం. నాకు వెళ్ళాలని లేదు. గనుల దుమ్ములో పసిగుడ్డు బతుకుతుందా అని నా భయం. చెప్తే వినే మనిషా ఆయన, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటాడు.

కిరసనాయిలు కార్డు మీద ఇచ్చే కాలం. ఆ రాత్రి దీపం తొందరగా ఆర్పేశాం. బిడ్డకు పాలిస్తున్నాను. అప్పుడు వినిపించింది.

టక్... టక్...

ఎలుకేమో అనుకున్నాను. ఎలుకయితే గీరుతుంది. ఇది గోడ లోపలి నుంచి తడుతోంది. ఆగుతుంది... మళ్ళీ తడుతుంది. ఇంకాస్త కింద.

గోడకు చెయ్యి ఆనించాను. తడి. బిడ్డకు నీళ్ళు పోసేది ఆ పక్కనే. రోజూ చెంబెడు నీళ్ళు దాని మీద చిందేవి. అది సరే. కానీ... నా అరచేతి కింద గోడ ఉబ్బింది. మెల్లగా... మళ్ళీ అణిగింది. ఊపిరి తీసినట్టు.

చెయ్యి చాపి మా అత్తను లేపాను.

“అత్తా... గోడలో ఏందో ఉండాది.”

ఆమె చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఈలోపు మా ఆయన లేచి గడ్డపార అందుకున్నాడు.

“పొడవాకురా అబ్బోడా,” అన్నది అత్త. “మట్టితో పాటు వచ్చిండాది అది. చెరువు సొత్తు. దాని దోవన దాన్ని పోనీ.”

“చెరువే లేదు గదమ్మా. యాడికి పోతాది?”

“ఆ సంగతి మనకంటే దానికే బాగా తెలుసు.”

టక్... తర్వాత మట్టి రాలిన చప్పుడు. తడిది ఏదో నేల మీద పడింది. చీకట్లో... నా పాదాన్ని రాసుకుంటూ జారిపోయింది. ఎంత చల్లగా ఉందో. బిడ్డను గుండెకు అదుముకున్నాను. ఆయన అగ్గిపుల్ల గీసేసరికి ఏమీ లేదు. గోడలో పిడికిలి పట్టేంత బొక్క. అక్కడి నుంచి గడప దాకా తడి మోకు ఈడ్చినట్టు ఒక చార.

తెలవారుతుండగా మా ఆయన ఆ చార పట్టుకుని పోయాడు. రైలు కూత వినపడింది. ఆయన రాలేదు. ఎండెక్కాక వచ్చి గడప మీద కూర్చున్నాడు.

“కట్ట దాటి చెరువులోకి దిగిండాది. నడిమధ్యన మట్టిలో దూరిండాది. ఆడ వేలు పెడితే సెమ్మ తగిలింది.”

“మరి రైలు?”

“పోయిందిలే. మూట ఇప్పు.”

నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. నాలుగో రోజు రాత్రి వాన పడింది. తెల్లవార్లూ కప్పలు అరిచాయి. చెరువు నిండలేదు గానీ వేరుశనగ విత్తుకునేంత పదునైంది.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. కొరమీను ఎండిన బురదలో బతుకుతుందంటారు, గోడలో ఏడాది బతుకుతుందా? కప్పయితే గెంతాలి. పామయితే అట్లా తట్టదు.

ఆ బొక్కను మాత్రం పూడ్చనివ్వలేదు. ఆ బిడ్డకు ఇప్పుడు బిడ్డలు. వాళ్ళకు నీళ్ళు పోసినప్పుడల్లా చివరి చెంబు ఆ గోడ మీదే పోస్తాను. లోపల ఇంకొకటి ఉందేమో... ఎవరికి తెలుసు.