తోడికోడలి గింజలు

రాతి గనులకు మందుగుండు తయారుచేసే ఆ కర్మాగారంలో స్ఫటికాల గది పెద్దకోడలిది. అలాగని ఎవరూ రాసివ్వలేదు, ఆమె అలా అనుకునేది. ద్రావణాన్ని నెమ్మదిగా చల్లబరుస్తూ, కలియబెడుతూ పంచదార పలుకుల్లాంటి గింజలు తీయడం అక్కడ ఆమె ఒక్కదానికే చేతనయ్యేది, మరిదికి పెళ్లయ్యేదాకా.

తోడికోడలు వచ్చి అదే గదిలో చేరింది. పని నేర్పింది పెద్దకోడలే. ఇప్పుడు ఇంజనీరు నోరు తెరిస్తే చిన్నామె జపమే. "చూడండమ్మా, అంచులు ఎంత నున్నగా ఉన్నాయో!" అంటుంటే పెద్దకోడలికి ఒళ్లు మండిపోయేది. ఇంట్లో అత్తగారు పొగిడితే ఆవిడకేం తెలుసులే అనుకోవచ్చు. ఇక్కడ భూతద్దం పెట్టి మరీ పొగుడుతున్నారాయె!

పైగా గదికి ఒక పెద్దను వేస్తారట. ఇద్దరూ చెరొక డబ్బా గింజలు తయారుచేయాలి. ఎవరిది మేలైనదైతే వాళ్లకే గది.

దీని కళ్లు బైర్లు కమ్మాలి అనుకుంది పెద్దకోడలు. తాను అందరికీ చెప్పే పాఠమే మరిచిపోయింది: గింజ తొందరపడి పెరిగితే లోపల ద్రవం చిక్కుకుని బుడగలు మిగులుతాయి, దెబ్బ తగిలితే అక్కడే వేడి రాజుకుని చేతిలోనే పేలుతుంది. ఆమెకు పెద్ద గింజలు కావాలి, అంతే. హడావిడిగా చల్లార్చింది. తళతళలాడే గింజలు దిగాయి. వాటి పక్కన తోడికోడలివి నలకల్లా కనిపించాయి. భూతద్దం కింద పెట్టి చూడనైనా లేదు. ఆ పూట కడుపునిండా అన్నం తింది.

పరీక్ష రోజున అందరూ మందపాటి అద్దం వెనక నిలబడ్డారు. చిటికెడు గింజల మీద ఇనుప గుండును వదులుతారు, ఎత్తు పెంచుకుంటూ పోతారు. గుండు ఎంత ఎత్తునుంచి పడినా చిన్నామెవి కిమ్మనలేదు. పెద్దకోడలివి మొదటి దెబ్బకే ఠప్పున పేలాయి.

"ఈ డబ్బా మీదేనా?" చీటీ మీది పేరు చూసి పెద్దకోడలిని అడిగాడు ఇంజనీరు, ముఖం మాడ్చుకుని.



"నాదేనండీ," అంది తోడికోడలు గబుక్కున. "చీటీలు తారుమారుగా అంటించాను. మంచి డబ్బా అక్కది."

"మీ చేతిలో ఇలా పాడవదని నేననుకుంటూనే ఉన్నాను," అన్నాడు ఇంజనీరు, పెద్దకోడలి వైపు తిరిగి.

నోరు మూసుకుంటే చాలు, గది తనదే. తోడికోడలు తల వంచుకుని నిలబడింది. ఎంత బుద్ధిమంతురాలు, ఎంత పెద్దమనసు!  ఈ మంచిపేరు కూడా దీనికేనా అనుకుంది పెద్దకోడలు.

"అబద్ధం!" అని అరిచింది. "పేలింది నాదే. తొందరపడి పాడుచేశాను. భూతద్దం పెట్టి చూడండి, నిండా బుడగలే ఉంటాయి."

బయటికి వచ్చాక తోడికోడలు చెయ్యి పట్టుకుంది. "ఎందుకు చెప్పేశావక్కా?"

"నోర్ముయ్. గది నువ్వే ఏలుకో. మంచితనం కూడా నీకే వదిలేస్తాననుకున్నావా?"